నగరం పక్క అడవిలో ఏమీ కనబడదెందుకు?

పొద్దున పదిన్నరకి నగరం పక్కనున్న ఏ అభయారణ్యం గేటు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. లోపలికి వెళ్లేవాళ్లు బోర్డు మీది చిరుత బొమ్మ పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. బయటికి వచ్చేవాళ్లు చెప్పుల్లో దూరిన ఇసుక దులుపుకుంటూ "ఏముంది, రెండు గంటలు నడిచాం, ఒక ఉడుత కనబడింది" అంటుంటారు. పిల్లలైతే ఇంకా సూటిగా అడుగుతారు, "జంతువులేవి నాన్నా?" అని. నాన్న దగ్గర జవాబుండదు. "నిద్రపోతున్నాయి" అనేస్తాడు.

తమాషా ఏమిటంటే, ఆ నాన్న చెప్పిందాంట్లో సగం నిజమే.

చాలా ఏళ్లు నేనూ ఆ బయటికొచ్చే గుంపులోనే ఉన్నాను. బోర్డు మీద అన్ని పేర్లు రాశారు, లోపల చూస్తే చెట్లు తప్ప ఏమీ లేవు, మోసం కాకపోతే ఏమిటి అనుకునేవాణ్ణి. "ఏమీ కనబడలేదు" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయని తర్వాతెప్పుడో అర్థమైంది. కొన్ని జంతువులు నిజంగానే లేవు, ఒకప్పుడు ఉండి పోయాయి. కొన్ని ఉన్నాయి, కానీ మనం వెళ్లే టైముకి బయటికి రావు. మిగిలినవి మనం వెళ్లిన టైముకే, నడిచిన దారి పక్కనే ఉన్నాయి. వాటిని మనమే తరిమేశాం, లేదా చూడటం చేతకాక దాటిపోయాం. ఈ మూడు చిక్కుల్నీ పట్టుకుని లాగుతూ పోతే చివరికి ఒకే కొస చేతికొస్తుంది: అడవి అంచు.

అంచు లెక్క

అంచు అంటే కంచె కాదు. మ్యాపులో గీసిన గీత కూడా కాదు. దానికి మందం ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు వైపు నుంచి అడవిలోకి నడిస్తే ఆ మందం ఒంటికే తెలుస్తుంది. మొదట్లో ఎండ పక్కనుంచి కొడుతుంది, అటువైపు అడ్డుగా చెట్టు లేదు కాబట్టి. వేడిగాలి తగులుతూనే ఉంటుంది. కాళ్ల కింద ఆకులు పెళపెళమంటాయి. పొదలు దట్టంగా అల్లుకుపోయి ఉంటాయి. లోపలికి వెళ్లేకొద్దీ గాలి తగ్గుతుంది. వెలుతురు పైనుంచి మాత్రమే, అదీ చిల్లులు పడ్డ పందిట్లోంచి జారినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆకులు మెత్తబడి అడుగుల చప్పుడు వినబడదు. కాలితో నాలుగు ఆకులు పక్కకి నెడితే కింద తడి, తెల్లటి బూజు దారాలు, వెలుతురు తగలగానే పరుగెత్తే చిన్న చిన్న పురుగులు. 'లోపల' మొదలయ్యేది అక్కడినుంచి. అంతకు ముందున్నదంతా అంచే.

ఈ అంచు ఎంత మందం అన్నది అడవిని బట్టి మారుతుంది. వంద మీటర్లు అనుకుని ఒక లెక్క వేద్దాం. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న అడవి, అంటే 100 హెక్టార్లు. నాలుగు వైపులా వంద మీటర్లు తీసేస్తే మిగిలేది 800 మీటర్ల చదరం, 64 హెక్టార్లు. మూడో వంతుకి పైగా అంచు కిందే పోయింది. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న అడవిలో అదే వంద మీటర్లు తీస్తే పోయేది నాలుగు శాతం లోపే. చిన్న అడవి పెద్ద అడవికి చిన్న సైజు నమూనా కాదని ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు ఆ చిన్న అడవికి నడిమధ్యలోంచి ఒక రోడ్డు వేయండి. రోడ్డు కింద పోయే స్థలం ఒకటి రెండు హెక్టార్లు. కానీ దానికి అటూ ఇటూ రెండు కొత్త అంచులు పుడతాయి. లోపలి అడవి 64 హెక్టార్ల నుంచి 48కి పడిపోతుంది. "పోయేది రెండు హెక్టార్లే కదా" అని రోడ్డు కావాలనేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. వాళ్లు కొలిచింది తారు పడే చోటుని, అంతే.

అంచులో నిజంగా ఏం జరుగుతుందో ఓపిగ్గా కొలిచినవాళ్లున్నారు. 1979లో బ్రెజిల్‌లోని మనౌస్ నగరానికి ఉత్తరాన థామస్ లవ్‌జాయ్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పశువుల మేత కోసం అక్కడ అడవిని ఎలాగూ నరుకుతున్నారు. నరికేటప్పుడు ఒక హెక్టారు, పది హెక్టార్లు, వంద హెక్టార్ల ముక్కల్ని ముట్టుకోకుండా వదిలేయించి, వాటికేమవుతుందో చూస్తూ పోయారు. ఆ కొలతలు దశాబ్దాల తరబడి సాగాయి. అంచు నుంచి 300 మీటర్ల లోపున్న పెద్ద చెట్లు, లోపలి పెద్ద చెట్ల కంటే దాదాపు మూడు రెట్లు వేగంగా చనిపోతున్నాయని 2000 సంవత్సరంలో ప్రకటించారు. పెద్ద చెట్లకే ఎందుకొచ్చింది కష్టం? ఎత్తుగా ఉన్నవాటికే గాలి దెబ్బ ఎక్కువ, ఎండదెబ్బ ఎక్కువ, ఎగబాకే తీగల బరువూ ఎక్కువ. అమెజాన్ తడి అడవి లెక్కని తెచ్చి ఎండు అడవికి యథాతథంగా అతికించలేం గానీ, ఆ 300 మీటర్లనే మన చిన్న అడవికి వేసి చూస్తే లోపల మిగిలేది వందలో 16 హెక్టార్లు. నగరం పక్క అడవి చాలాసార్లు ఇంతే: అంతా అంచు, మధ్యలో పిడికెడు లోపల.

అంచు అంటే ఎండ. ఎండ కావాల్సిన మొక్కలకు అది పండగ. అమెరికా ఖండాల నుంచి తోటల్లో పూల అందం కోసం తెచ్చిన లాంటానా, మనవాళ్లు పులికంప అనేది, ఇలాంటి చోట్లే రెచ్చిపోతుంది. దాని నల్లటి పళ్లు పిట్టలు తిని దారిపొడవునా గింజలు వేస్తాయి. ఆకు విషం, మేతకి పనికిరాదు. కింద ఇంకో మొక్కని లేవనివ్వదు. "ఎంత దట్టంగా ఉందో చూడు, అసలైన అడవంటే ఇదీ" అని మనం మురిసిపోయే చోటు తరచుగా అడవికి జబ్బు చేసిన చోటే. ఆరోగ్యంగా ఉన్న ముదురు అడవి లోపల కింద ఇంత గుబురు ఉండదు, మనిషి వంగకుండా నడవగలడు.

జంతువుల్లోనూ ఇంతే. కాకులు, గోరింకలు, పికిలిపిట్టలు, కోతులు, ఉడుతలు అంచులో హాయిగా బతికే జాతులు. కాలిబాట వెంబడి వెళ్లినవాళ్లకి కనబడేవన్నీ వీధిలో కూడా కనబడేవే ఎందుకవుతాయంటే, వాళ్లు నడిచింది అడవి పేరున్న వీధి అంచులో.

చుట్టూ నీళ్లు లేని దీవి

సరే, ఆ పిడికెడు లోపల మిగిలిన చోటైనా పాత జంతువులన్నీ భద్రంగా ఉంటాయా? ఉండవు. దీనికి జవాబు అడవి కంటే ముందు దీవుల్లో దొరికింది. దీవి చిన్నదైనకొద్దీ, తీరానికి దూరమైనకొద్దీ జాతులు తగ్గుతాయని, ఆ తగ్గుదలకి ఒక లెక్క ఉంటుందని రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో చూపించారు. నగరం మధ్యలో చిక్కుకున్న అడవి కూడా దీవే. నీళ్లకి బదులు చుట్టూ కాంక్రీటు.

పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కట్టినప్పుడు గాటున్ సరస్సు నిండి ఒక కొండ పైభాగం దీవిగా మిగిలింది. దాని పేరు బారో కొలరాడో. సుమారు 15 చదరపు కిలోమీటర్లు. 1923లో దాన్ని పరిశోధనకోసం రక్షిత ప్రాంతం చేశారు. ఎవరూ చెట్లు నరకలేదు, రోడ్లు వేయలేదు. అయినా ఏళ్లు గడిచేకొద్దీ పదుల సంఖ్యలో పక్షిజాతులు అక్కడ మాయమయ్యాయి. ఏ అడవిలోనైనా ఒక చెడ్డ సంవత్సరం వస్తుంది, ఒక జాతిలో ఉన్న కొన్ని జంటలూ చనిపోతాయి. పెద్ద అడవిలో అయితే పక్క లోయ నుంచి ఇంకో జంట వచ్చి ఆ ఖాళీ నింపుతుంది. దీవిలో ఆ వచ్చేది ఎవరు?

"రెక్కలున్నాయి కదా, ఎగిరి రావచ్చుగా" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అదే సరస్సులో పరిశోధకులు లోపలి అడవి పిట్టల్ని పడవలో తీసుకెళ్లి, నీటి మధ్య వదిలి చూశారు. కొన్ని జాతులు వంద మీటర్ల దూరం కూడా దాటలేకపోయాయి. చీకటి గుబుర్లో కొమ్మ నుంచి కొమ్మకి గెంతుతూ బతికే పిట్టకి ఆరుబయట ఎగరడమే రాదు. ఆరు లేన్ల హైవే దానికి సముద్రంతో సమానం.

సింగపూర్‌లోని బుకిట్ తిమా అభయారణ్యం విషయంలో ఇదే జరిగింది. సుమారు 163 హెక్టార్ల అడవి, కొండ ఎక్కడానికి జనం విరగబడి వస్తారు. 1980ల్లో వేసిన ఎక్స్‌ప్రెస్‌వే దాన్ని పక్కనున్న పెద్ద అడవి నుంచి వేరు చేసేసింది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2013లో, ఆ రోడ్డు మీదుగా 62 మీటర్ల పొడవున ఒక వంతెన కట్టి, దాని మీద మట్టి పోసి, చెట్లు నాటారు. మనుషులకి కాదు, ఒళ్లంతా పొలుసులుండే అలుగుల్లాంటి జంతువులు దాటడానికి. అలుగులు దాన్ని వాడుకుంటున్నాయి కూడా.

కెన్యా రాజధాని నైరోబీ సంగతి ఇంకా కళ్లకి కట్టినట్టుంటుంది. అక్కడి నేషనల్ పార్క్‌ని 1946లో ఏర్పాటు చేశారు, 117 చదరపు కిలోమీటర్లు, ఎక్కువ భాగం గడ్డిమైదానం. మూడు వైపులా కంచె. దక్షిణం వైపు మాత్రం తెరిచి ఉంచారు, ఎందుకంటే విల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు ఎండాకాలం నీళ్ల కోసం పార్కులోకి వచ్చి వానాకాలం బయటి మైదానాలకి వెళ్లిపోయేవి. ఆ మైదానాల్లో ఇళ్లు, కంచెలు వచ్చాక మందలు పలచబడిపోయాయి. మందలకి అసలు దెబ్బ తగిలింది పార్కు లోపల కాదు. పోయింది గేటు బయట.

ఇక్కడ ఒక పక్కదారి పట్టాలి. అసలు నగరం పక్కన అడవి ఎందుకు మిగిలింది? చాలాచోట్ల జవాబు జంతువుల మీద ప్రేమ కాదు, నీళ్లు. ముంబయిలో సంజయ్ గాంధీ నేషనల్ పార్క్ లోపలున్న తులసి, విహార్ చెరువులు నగరానికి తాగునీరిచ్చేవి. బుకిట్ తిమా పక్కనున్న పెద్ద అడవి సింగపూర్ రిజర్వాయర్ల చుట్టూ ఉన్న అడవే. రియో డి జనీరోలో అయితే కాఫీ తోటల కోసం కొండలన్నీ నరికేశాక ఊళ్లో నీళ్లకి కటకట వచ్చింది. అప్పుడు ప్రభుత్వానికి బుద్ధొచ్చి 1861లో మాన్యుయెల్ గోమెస్ ఆర్చెర్ అనే ఆయనకి అడవిని మళ్లీ పెంచే పని అప్పజెప్పింది. మొదట్లో మొక్కలు నాటింది కొద్దిమంది బానిసలు. పదమూడేళ్లలో సుమారు లక్ష మొక్కలు నాటారు. ఇవాళ అక్కడున్న తిజుకా అడవిని చూసినవాళ్లెవరూ అది మనుషులు నాటిందంటే నమ్మరు.

కానీ చెట్లు వచ్చినంత సులువుగా జంతువులు రాలేదు. చుట్టూ నగరమే, ఎక్కడినుంచి వస్తాయి? ఇలాంటి అడవిని 1992లో కెంట్ రెడ్‌ఫోర్డ్ అనే పరిశోధకుడు 'ఖాళీ అడవి' అన్నారు. పైనుంచి చూస్తే నిండుగా పచ్చగా ఉంటుంది, లోపల గింజని మోసుకెళ్లే నోరు ఉండదు. తిజుకాలో 2010 నుంచి అగూటీ అనే పెద్ద ఎలుకలాంటి జంతువుల్ని తెచ్చి వదలడం మొదలుపెట్టారు. అది పెద్ద గింజల్ని ఆకలివేళకి దాచుకోవడానికి అక్కడక్కడా పాతిపెట్టి, కొన్నిటిని మర్చిపోతుంది. ఆ మర్చిపోయినవే చెట్లవుతాయి. 2015లో హౌలర్ కోతుల్ని కూడా వదిలారు. నూట యాభై ఏళ్ల తర్వాత ఒక అడవికి మతిమరుపు ఉన్న జంతువు కావాల్సి వచ్చింది.

రాత్రి డ్యూటీ

ఇప్పుడు రెండో చిక్కు. అడవిలో నిజంగానే ఉండి కనబడని జంతువులు.

ముంబయి పార్కు సుమారు 104 చదరపు కిలోమీటర్లు. అందులోను, దాని చుట్టుపక్కల నలభైకి పైగా చిరుతలు ఉన్నాయని 2018లో కెమెరాలు పెట్టి లెక్క తేల్చారు. చుట్టూ కోట్ల జనాభా. రోజూ పొద్దున్నే వందల మంది అక్కడ నడకకి వస్తారు. వాళ్లలో చిరుతని కళ్లారా చూసినవాళ్లు బహు తక్కువ. చిరుతకి మాత్రం వాళ్లంతా తెలుసు. ఎవరు ఏ టైముకి వస్తారో, ఎప్పుడు గేట్లు మూస్తారో దాని దగ్గర టైంటేబుల్ ఉంటుంది.

ఇది చిరుతల తెలివి మాత్రమే కాదు. ఆరు ఖండాల్లో 62 జాతుల క్షీరదాల మీద జరిగిన 76 అధ్యయనాల్ని కలిపి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. మనిషి అలికిడి ఉన్న చోట జంతువులు పగటి పనుల్ని రాత్రికి మార్చుకుంటున్నాయని అందులో తేలింది. మామూలుగా పగలు సగం, రాత్రి సగం తిరిగే జంతువు, మనుషులున్న చోట తన తిరుగుడులో 68 శాతం రాత్రికి నెట్టేస్తోంది. నన్ను ఆపేసింది దానికంటే ఇంకో సంగతి. తుపాకీతో వచ్చే వేటగాడికీ, వాటర్ బాటిల్‌తో వచ్చే నడకరికీ జంతువుల స్పందనలో పెద్ద తేడా లేదు. మనం మంచివాళ్లమని వాటికి ఎవరు చెప్పాలి?

కాబట్టి "నిద్రపోతున్నాయి" అన్న నాన్న మాట సగం నిజం. మిగతా సగం, అవి పగలు నిద్రపోవడానికి కారణం కొంతవరకు మనమే అన్నది.

చిరుత మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ఎక్కడైనా చిరుత కనబడగానే "పట్టుకెళ్లి దూరం అడవిలో వదలండి" అని డిమాండ్ వస్తుంది. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో 2000ల మొదట్లో అదే చేశారు, పెద్ద సంఖ్యలో పట్టి వేరే చోట్ల వదిలారు. దాడులు తగ్గకపోగా పెరిగాయి. తెలియని చోట వదిలేసిన చిరుత బెదిరిపోయి ఉంటుంది, తిరుగుదారి వెతుక్కుంటూ ఊళ్ల మధ్యనుంచి నడుస్తుంది. అది ఖాళీ చేసిన చోటుని ఇంకో కొత్త చిరుత ఆక్రమిస్తుంది. చాలా ఏళ్లుగా మనుషుల్ని తప్పించుకు తిరగడం నేర్చుకున్న పాత చిరుతే మనకి మంచిది.

మనతోపాటు నడిచొచ్చే అంచు

మూడో చిక్కు మనమే. అడవి అంచు ఎక్కడో రోడ్డు దగ్గర ఆగిపోదు. చప్పుడు రూపంలో, వాసన రూపంలో, కాలిబాట రూపంలో మన వెంటే లోపలికి వస్తుంది.

చప్పుడు ఒక్కటే ఎంత పని చేస్తుందో తేల్చడానికి అమెరికాలోని ఐడహోలో 2012లో ఒక చక్కటి ప్రయోగం చేశారు. రోడ్డే లేని కొండ అడవిలో అర కిలోమీటరు పొడవునా చెట్లకి స్పీకర్లు కట్టి, ట్రాఫిక్ రొద వినిపించారు. నాలుగు రోజులు పెట్టడం, నాలుగు రోజులు ఆపడం. రోడ్డు లేదు, పొగ లేదు, లైట్లు లేవు, ఉన్నది చప్పుడే. అది మోగిన రోజుల్లో పక్షుల సంఖ్య నాలుగో వంతుకి పైగా తగ్గిపోయింది. ఉండిపోయిన పక్షులు కూడా సరిగా ఒళ్లు చేయలేదు. శత్రువు అడుగుల చప్పుడు వినబడదు కాబట్టి మాటిమాటికీ తలెత్తి చూసుకోవాలి, తలెత్తినంతసేపూ తిండి లేనట్టే. బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని నడిచేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది. వాళ్లు కూడా ఒక రోడ్డుని భుజాన వేసుకుని తిరుగుతున్నారు.

పెంపుడు కుక్కల్ని తేవద్దన్న బోర్డు చూసి చాలామందికి కోపం వస్తుంది. "గొలుసు వేసే తెచ్చాం కదా, ఎవర్నీ కరవదు" అంటారు. సిడ్నీ పక్కనున్న అడవుల్లో 2007లో సరిగ్గా ఈ సంగతే పరీక్షించారు. గొలుసు వేసిన కుక్కని నడిపిస్తే చాలు, ఆ దారిలో పక్షిజాతులు 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం పడిపోయాయి. కుక్క లేకుండా మనుషులు మాత్రమే నడిచినా పక్షులు తగ్గాయి గానీ, అంతగా కాదు. రోజూ కుక్కల్ని తిప్పే చోట్లలో కూడా పిట్టలు అలవాటు పడలేదు. కాబట్టి ఆ ఒక్క బోర్డు మీద నాకు రెండో మాట లేదు.

దారి వదిలి వెళ్లొద్దన్న నియమం వెనక మట్టి ఉంది. మెత్తటి అడవి మట్టి స్పాంజిలాంటిది, దాని కన్నాల్లోంచే వేళ్లకి గాలి, నీళ్లు అందుతాయి. తొక్కితే కన్నాలు మూసుకుపోతాయి. కొత్త చోట మొదట పడే కొద్ది అడుగులే ఎక్కువ నష్టం చేస్తాయి, ఆ తర్వాత ఎంతమంది తొక్కినా అదనంగా జరిగేది తక్కువ. అందుకే వెయ్యి మంది ఒకే బాటలో నడవడం మంచిది, వెయ్యి మంది వెయ్యి దారుల్లో నడవడం అడవికి చావు. వానాకాలంలో బాట మధ్య నీళ్లు నిలిచినప్పుడు చూడండి. బూట్లు తడవకుండా ఒకడు పక్కనున్న గడ్డి తొక్కుతూ వెళ్తాడు. రెండు రోజుల్లో ఆ గడ్డి బురదవుతుంది. తర్వాత వచ్చినవాడు ఇంకాస్త పక్కకి జరుగుతాడు. ఒక్క సీజన్‌లో అడుగు వెడల్పు బాట బండి దారి అంత అవుతుంది. బుకిట్ తిమాలో బాటలు, వాలు నేలలు దెబ్బతినడంతో 2014లో మొదలుపెట్టి రెండేళ్లపాటు చాలా భాగం మూసి బాగు చేయాల్సి వచ్చింది. బురదలోంచే నడవండి, బూట్లు కడుక్కోవచ్చు.

కోతులకి తిండి పెట్టడం గురించి అందరికీ తెలుసు, అయినా పెడతారు. తిండి దొరికే రోడ్డు పక్కకే కోతులు చేరితే లోపల పళ్లు తిని గింజలు మోసే పని ఆగిపోతుంది. చేతిలో కవరు కనబడితే లాక్కోవాలని పిల్లకోతులు నేర్చుకుంటాయి. ఆ తర్వాత "కోతుల బెడద" అని మనమే కంప్లయింట్ ఇస్తాం. పారేసిన తిండికి ఇంకో గొలుసు కూడా ఉంది. అంచులో చెత్త పడితే ఊరకుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. ముంబయి పార్కు చిరుతలు ఏడాదికి సుమారు 1500 కుక్కల్ని తింటుండవచ్చని, దానివల్ల చుట్టుపక్కల కుక్కకాట్లు, రేబిస్ ముప్పు తగ్గుతుండవచ్చని 2018లో కొందరు పరిశోధకులు అంచనా వేశారు. చిరుత వల్ల మనుషులకి మేలన్నమాట. బాగానే ఉంది గానీ, ఆ భోజనం వడ్డించడం మానేయడమే ముందు చేయాల్సిన పని.

ఫోన్‌లో పక్షి కూత పెట్టి పక్షిని రప్పించే అలవాటు ఈమధ్య ఎక్కువైంది. ఆ పిట్టకి వినబడేది తన ఇంట్లోకి చొరబడ్డ ఇంకో మగపిట్ట గొంతు. గూట్లో పిల్లల్ని వదిలేసి లేని శత్రువుతో పోట్లాటకి వస్తుంది. మనకి ఫొటో, దానికి ఒక పూట వృథా.

మరి వెళ్లకుండా ఉండటమే మంచిదా? నేనలా అనుకోను. ఎవరూ అడుగు పెట్టని అడవి మీద రోడ్డు ప్లాన్ గీస్తే అడిగేవాడు ఉండడు. వెళ్లాలి. అంచుని వీలైనంత పలచగా చేసుకుని వెళ్లాలి.

కూర్చుంటే

గేటు తెరిచే టైముకి వెళ్లడం, నలుగురికి మించకుండా వెళ్లడం, చెట్ల రంగులో కలిసే బట్టలు, ఇవన్నీ మీకు తెలిసినవే. వీటికంటే తేడా చూపించింది నాకు ఒకే ఒక్కటి: కూర్చోవడం. దారి పక్కన ఏ బండ మీదో ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. నడిచే మనిషి చుట్టూ భయం ఒక వలయంలా నడుస్తుంది. మన ముందు వెళ్తున్న పిట్ట అరిచి ముందున్నదానికి చెప్తుంది, అది ఇంకోదానికి. మనం వెళ్లేసరికి అంతా ఖాళీ. కూర్చున్న మనిషి గురించి ఆ కబురు పది నిమిషాల్లో పాతబడిపోతుంది. మొదటి పది నిమిషాలు మాత్రం కష్టం. దోమలు, చీమలు, ఫోన్ తీయాలన్న దురద.

ఆ పది నిమిషాల్లో నేల చూడండి. జంతువు కనబడకపోయినా అది రాత్రి డ్యూటీ చేసిన ఆనవాళ్లు ఉంటాయి. బాట మధ్యలోనే, అందరికీ కనబడేలా బండ మీద వేసిన పెంట, అందులో వెంట్రుకలు ఉంటే మాంసం తినేది, గింజలు ఉంటే పళ్లు తినేది. చెట్టు బెరడు మీద నిలువు గీతలు. మొహం ఎత్తులో బాటకి అడ్డంగా అల్లిన సాలెగూడు తెగకుండా ఉంటే, ఆ పొద్దున ఆ దారిలో మీకంటే ముందు వెళ్లిన మనిషి లేడన్నమాట.

కిందటిసారి నేను కూర్చున్నప్పుడు పావుగంట దాకా ఏమీ లేదు. దూరంగా హారన్లు, ఎండుటాకు రాలిన చప్పుడు, అంతే. ఇంక లేద్దాం అనుకుంటుండగా ఎక్కడో పసుల పోలిగాడు అనే నల్లపిట్ట అరుపు. దాని వెంట ఇంకో కూత, ఇంకోటి. రెండు నిమిషాల్లో ఎదురుగా ఉన్న చెట్లన్నీ కదలడం మొదలైంది. రకరకాల పిట్టలు గుంపుగా కలిసి మేతకి తిరగడం అడవుల్లో మామూలే. ఒకటి ఆకుల్ని కదిలిస్తుంది, లేచిన పురుగుని ఇంకోటి పట్టుకుంటుంది. పోలిగాడు కాపలా కాస్తాడు, అప్పుడప్పుడూ ఉత్తుత్తి హెచ్చరిక అరిచి, బెదిరి వదిలేసిన పురుగుని కొట్టేస్తాడు కూడా. ఒక వడ్రంగిపిట్ట నాకు ఆరడుగుల దూరంలో ఎండుకొమ్మని పొడుచుకుంటూ పైకి ఎక్కింది, పొట్టు నా మోకాలి మీద రాలింది. ఐదు నిమిషాలు. తర్వాత గుంపంతా వాగు వైపు జారిపోయింది, మళ్లీ హారన్లు వినబడ్డాయి. పదకొండు రకాలు లెక్కపెట్టాను. పేరు చెప్పగలిగింది నాలుగింటికే.